గుడ్డికొంగ చూపు

సికిందరాబాదునుంచి లింగంపల్లి పోయే ఎమ్.ఎమ్.టి.ఎస్. రైలు పొద్దున్నే ఎక్కండి. బేగంపేట, భరత్‌నగర్, బోరబండ దాటాక హైటెక్ సిటీ స్టేషను వస్తుంది. భుజాలకు సంచులు తగిలించుకున్నవాళ్ళంతా అక్కడ బిలబిలమంటూ దిగిపోతారు. మీరు మాత్రం దిగకండి. కిటికీ పక్క చోటు ఖాళీ అవుతుంది, అక్కడికి జరిగి కూర్చోండి. తరవాత వచ్చే స్టేషనే హఫీజ్‌పేట్. మన ప్రయాణం అక్కడికి.

"హఫీజ్‌పేట్‌లో చూడటానికి ఏమున్నది?" అని మీ నాన్నగారు అడిగితే ఆశ్చర్యం లేదు. పేరుమోసిన కోట ఏదీ అక్కడ లేదు. ఒకప్పుడు అది హైదరాబాదుకు పడమటగా, కుంటలకూ రాతిగుట్టలకూ మధ్య ఉండిన పల్లె. 1998లో దగ్గరలోని మాదాపూర్‌లో సైబర్ టవర్స్ భవనం ప్రారంభమయింది. 2003లో ఈ రైళ్ళు నడవసాగాయి. చూస్తూ ఉండగానే అంతస్తుల మీద అంతస్తులు లేచాయి. అయినా కొన్ని కుంటలు మిగిలాయి. వాటిలో ఒకటి కైదమ్మకుంట.

మనం చూడబోయేది ఆ కుంటను కూడా కాదు. హైదరాబాదులో ఏ కుంట ఒడ్డున అయినా కూర్చుని కనిపించే ఒక పిట్టను, ఆ పిట్ట కంటి లోపలి భాగాన్ని!

ఆ పిట్ట పేరు గుడ్డికొంగ. తెల్లగా, పొడుగ్గా ఉండే కొంగ కాదిది. పొట్టిగా, మెడ భుజాలలోకి దించుకుని, మట్టిరంగు చారల చొక్కా తొడుక్కున్న ముసలాయనలాగా కూర్చుంటుంది. గట్టున ఉన్న బురదలో బురదలాగా కలిసిపోతుంది. మీరు దాని దగ్గరికి, ఇంకా దగ్గరికి వెళ్ళినా కదలదు. ఇక కాలు వేస్తే తొక్కుతారేమో అనిపించినప్పుడు ఒక్కసారిగా రెక్కలు విప్పి లేస్తుంది. అప్పుడు చూడాలి తమాషా! మట్టిరంగు పిట్ట కాస్తా తెల్లని పిట్ట అయిపోతుంది. దాని రెక్కలు పాలవలె తెల్లనివి. ముడుచుకుని కూర్చున్నంతసేపూ అవి కనిపించవు. మనిషి మీదికి వచ్చేదాకా కదలదు కనక దీనికి కళ్ళు లేవని మన పెద్దలు అనుకున్నారు కాబోలు, గుడ్డికొంగ అని పేరు పెట్టారు. హిందీలో కూడా దాన్ని గుడ్డిదనే పిలుస్తారు.

ఇంతకన్న అన్యాయమైన పేరు ఇంకొకటి ఉండదు.

అది ఎట్లా వేటాడుతుందో కాసేపు చూడండి. కదలకుండా నీళ్ళకేసి చూస్తూ ఉంటుంది. నీళ్ళ గ్లాసులో పెన్సిలు పెడితే అది విరిగినట్టు కనిపిస్తుంది కదా? అట్లాగే నీళ్ళలో ఉన్న చేప కూడా, పైనుంచి చూసేవాళ్ళకు అది ఉన్న చోట కనిపించదు, కొంచెం పైకి కనిపిస్తుంది. కొంగ ఆ తేడా కూడా లెక్క వేసుకుని, కనుమూసి తెరిచే లోపల ముక్కు పొడుస్తుంది. ఇంత పని చెయ్యాలంటే ఆ కన్ను ఎటువంటిది అయి ఉండాలి!

గట్టున మనం కూర్చునేందుకు ఒక రాయి చూసుకుని, కంటి లోపలికి పోదాం.

కంటి ముందు భాగంలో కటకం ఉన్నది. అది సెల్‌ఫోను కెమెరా కటకంలాగానే బొమ్మను వెనక గోడ మీద పడేస్తుంది. ఆ గోడకు అంటుకుని ఉన్న పలుచని పొరను రెటీనా అంటారు. పాఠ్యపుస్తకాలలో నేత్రపటలం అంటారు. కాగితం అంత పలుచనిదే కాని, ఆ కాగితంలో మూడు అంతస్తులు ఉన్నాయి.

హఫీజ్‌పేట్‌లో ఉన్నాం కనక దాన్ని ఒక అపార్టుమెంటు అనుకోండి. వెలుగు డాబా మీదినుంచి లోపలికి వస్తుంది. కాని వెలుగును పట్టుకునే జీవకణాలు పై అంతస్తులో లేవు! అవి అన్నిటికన్న కింద, నేల అంతస్తులో కాపురం ఉంటవి. వాటికి దండాలనీ, శంకువులనీ పేర్లు. చీకట్లో చూసేందుకు దండాలు, పగటి వెలుగులో రంగులు చూసేందుకు శంకువులు. నేల అంతస్తువాళ్ళు పట్టుకున్న కబురును మధ్య అంతస్తు కణాలు అందుకుని, అవసరమైనంత మటుకు ఏరి, పై అంతస్తుకు పంపుతవి. పై అంతస్తు కణాల తోకలు అన్నీ కలిసి ఒక తాడు లాగా పేని ఉంటవి. అదే మెదడుకు పోయే కంటినరం.

మనకూ పక్షికీ ఈ ఇంటి నక్షా ఒకటే. కాపురం ఉండేవాళ్ళలో మాత్రం తేడా ఉన్నది. మనకు శంకువులు మూడు రకాలు: ఎరుపు, ఆకుపచ్చ, నీలం కాంతులకు ఒక్కొక్కటి. పక్షులకు నాలుగు రకాలు. నాలుగోది ఊదారంగు చివరను, చాలా పిట్టలలో దానికి అవతల మనకు కనిపించకుండా ఉన్న అతినీలలోహిత కాంతిని కూడా చూస్తుంది. ఇవిగాక రెండు శంకువులు జంటగా అతుక్కుని ఉండే రకం ఇంకొకటి ఉన్నది. కదిలే వస్తువులను పసికట్టటానికి ఈ జంటలు పనికి వస్తవని శాస్త్రజ్ఞులు భావిస్తున్నారు.

పక్షి శంకువులో ఇంకొక విచిత్రం ఉన్నది. వెలుగును పట్టే చోటికి సరిగ్గా ముందు, తలుపుకు కట్టిన రంగుటద్దంలాగా, ఒక్క నూనెబొట్టు! కొన్నిటిలో అది కుంకుమరంగు, కొన్నిటిలో పసుపు, కొన్నిటిలో రంగు లేనిది. మైక్రోస్కోపు కింద కోడి రెటీనాను పెడితే, రంగురంగుల పూసలు చల్లిన ముగ్గులాగా ఉంటుంది. ఒక్కొక్క బొట్టు తనకు అక్కరలేని కాంతిని వడగట్టి, కావలసిన రంగును మాత్రమే లోపలికి పోనిస్తుంది. అందుచేత రంగులు ఒకదానితో ఒకటి కలగాపులగం కాకుండా తెలుస్తవి. ఈ నూనెబొట్లకు రంగు ఎక్కడినుంచి వచ్చిందనుకున్నారు? కారెట్టుకూ టొమాటోకూ రంగు ఇచ్చే పదార్థాల జాతివే ఇవి. పక్షి వీటిని స్వయంగా తయారు చేసుకోలేదు, తిండినుంచి తెచ్చుకోవాలి. చెరువులో పాచిలో పుట్టిన రంగు పురుగులోకి, పురుగునుంచి చేపలోకి, చేపనుంచి గుడ్డికొంగ కంట్లోకి వచ్చి చేరుతుందన్నమాట.

అయితే కోడికీ, ఇటువంటి పగటి పక్షులకూ దండాలు తక్కువ. పొద్దు గుంకగానే కోళ్ళు గూటికి చేరేది భయం చేత మాత్రమే కాదు, వాటికి నిజంగానే కనిపించదు. ఇంత గొప్ప కళ్ళు గల పిట్టలు కూడా అద్దాల ముందు మోసపోతవి. హైటెక్ సిటీ భవనాల అద్దాలలో ఆకాశమూ చెట్లూ కనిపిస్తే, నిజమనుకుని వెళ్ళి కొట్టుకుంటవి. అతినీలలోహిత కాంతిలో మాత్రమే కనిపించే గీతలు గీసిన అద్దాలు కొన్ని దేశాలలో తయారు చేస్తున్నారు. ఆ గీతలు మనకు కనపడవు, చాలా పిట్టలకు కనపడతవి. మన భవనాలకు కూడా అటువంటి అద్దాలు పెడితే బాగుండును.

ఇప్పుడు అసలు కథకు వద్దాం. జీవకణం అన్న తరవాత దానికి తిండి కావాలి, ప్రాణవాయువు కావాలి. అంటే రక్తం అందాలి. మన శరీరంలో, బరువుకు బరువు తూచి చూస్తే, రెటీనా అంత ఎక్కువగా ప్రాణవాయువును వాడే భాగాలు బహు కొద్ది. ఈ అపార్టుమెంటుకు నేల కింద ఒక సంపు ఉన్నది. అది రక్తనాళాలతో నిండిన పొర; దాన్ని కొరాయిడ్ అంటారు. నేల అంతస్తువాళ్ళు దానిలోనుంచి తోడుకుంటారు. మరి పై అంతస్తుల మాట ఏమిటి? అక్కడిదాకా ఊట ఎక్కదు. అందుచేత మన కంటిలో పైనుంచి గొట్టాలు వేసి ఉన్నాయి. డాబా మీదుగా పరుచుకుని, పై అంతస్తులలోకి దిగే సన్నని రక్తనాళాలు అవి.

ఈ గొట్టాలను మీ కంట్లోనే మీరు చూడవచ్చు. ఒక అట్టముక్కకు గుండుసూదితో బెజ్జం పెట్టండి. ఒక కన్ను మూసి, రెండో కంటికి దగ్గరగా అట్టను పట్టుకుని, బెజ్జంలోనుంచి తెల్లని మబ్బుకేసి చూడండి. సూర్యుడికేసి మాత్రం ఎన్నడూ చూడకూడదు, కన్ను పోతుంది. ఇప్పుడు అట్టను చిన్నచిన్నగా, గబగబా అటూ ఇటూ ఆడించండి. ఆకులు రాలిన చెట్టు కొమ్మలలాగా నల్లని గీతలు కనిపిస్తవి. అవి మీ రక్తనాళాల నీడలు! పందొమ్మిదో శతాబ్దంలో పుర్కిన్యే అనే చెక్ శాస్త్రజ్ఞుడు ఈ నీడలను వర్ణించాడు. ఈ నీడ ఎప్పుడూ మన కంట్లో పడుతూనే ఉన్నది. అది ఒకే చోట ఉండటంచేత మెదడు దాన్ని లెక్కచెయ్యటం మానేసింది.

గుడ్డికొంగకు ఈ గొట్టాలు లేవు. కాకికి లేవు, కోడికి లేవు, పాలపిట్టకు లేవు. పక్షుల రెటీనాలో రక్తనాళాలే ఉండవు. పైగా వాటి రెటీనా మనదానికన్న మందం, కణాలు ఎక్కువ. నీడలు లేకపోతే చూపు నిర్మలంగా ఉంటుంది, నిజమే. కాని పై అంతస్తులవాళ్ళు బతికేది ఎట్లా?

దీనికి జవాబు ఉండవలసిన వస్తువు ఒకటి పక్షి కంట్లో కనిపిస్తూనే ఉన్నది. కంటినరం మొదలయ్యే చోటినుంచి, కంటి మధ్యలో ఉండే పారదర్శకమైన జెల్లీలోకి, మడతలు మడతలుగా ఉన్న ఒక నల్లని వస్తువు పొడుచుకుని వస్తుంది. చూడటానికి దువ్వెనలాగా ఉంటుంది. లాటిన్ భాషలో దువ్వెనను పెక్టెన్ అంటారు, అదే దాని పేరయింది. కోడికి పదహారునుంచి పద్ధెనిమిది మడతలు ఉంటవి. రాత్రిపూట తిరిగే గుడ్లగూబలాంటి పక్షులకు మడతలు తక్కువ. దీని నిండా రక్తనాళాలే. కంటినరం బయలుదేరే చోట దండాలూ శంకువులూ ఉండవు కనక అక్కడ ఎట్లాగూ చూపు లేదు. చూపు లేని చోట ఈ దువ్వెనను నిలబెట్టటం ప్రకృతి చేసిన పొదుపు.

మనకు కూడా అటువంటి చూపులేని చుక్క ఉన్నది. కాగితం మీద ఏడు సెంటీమీటర్ల ఎడంగా ఎడమవైపు ఒక గుణకారపు గుర్తు, కుడివైపు ఒక చుక్క పెట్టండి. ఎడమ కన్ను మూసి, కుడి కంటితో గుణకారపు గుర్తునే చూస్తూ కాగితాన్ని మెల్లిగా దూరం జరపండి. ఇంచుమించు పాతిక సెంటీమీటర్ల దగ్గర చుక్క మాయమవుతుంది.

ఈ దువ్వెన సంగతి పదిహేడో శతాబ్దంనుంచి తెలుసు. ఎందుకున్నదో మాత్రం తేలలేదు. ఎండకు గొడుగు అన్నారు కొందరు, కంటిని వెచ్చగా ఉంచే కుంపటి అన్నారు కొందరు. ఇట్లా ముప్ఫైకి పైగా ఊహలు పుట్టాయి. ఎక్కువమంది మాత్రం ఇది రెటీనాకు ప్రాణవాయువు సరఫరా చేస్తుందనే అనుకున్నారు. 1990లో ఒక చిత్రమైన సంగతి బయటపడింది. పక్షి చూపు తిప్పినప్పుడల్లా దాని కన్ను సన్నగా వణుకుతుంది. ఆ వణుకుకు దువ్వెన ఊగి, తనలోనుంచి ఊరే ద్రవాన్ని రెటీనామీదికి చిలకరిస్తుంది. మన ఊళ్ళలో డాబా మీది డ్రమ్ములకు నీళ్ళు పోసే ట్యాంకరు గుర్తు రావటం లేదూ? గొట్టాలు లేవు, ట్యాంకరు ఉన్నది!

అయితే ఆ ట్యాంకరులో ఏమున్నది?

డెన్మార్కు దేశంలో ఆర్హస్ విశ్వవిద్యాలయపు శాస్త్రజ్ఞులు, ఇతర దేశాల వారితో కలిసి, జీబ్రా ఫించ్ అనే చిన్న పిట్టమీద దీన్ని పరీక్షించారు. ఆస్ట్రేలియాకు చెందిన ఈ పిట్ట మన మునియా పిట్టలకు దగ్గరి చుట్టం. పంజరాలలో పెంచుతారు కనక హైదరాబాదులో కూడా మీరు చూసే ఉంటారు. మత్తు ఇచ్చిన పిట్ట కంట్లోకి, వెంట్రుకకన్న సన్నని మొన ఉన్న సాధనాన్ని దించి, ఏ పొరలో ఎంత ప్రాణవాయువు ఉన్నదో కొలిచారు. నేల అంతస్తులో సంపు పక్కన బాగానే ఉన్నది. పైకి వస్తున్నకొద్దీ తగ్గింది. పై అంతస్తులలో ఉన్నది ఎంత? సున్న! దువ్వెన పక్కన కూడా పెరగలేదు. ఆ ఫలితాలు 2026లో నేచర్ పత్రికలో వెలువడ్డాయి. చాలాకాలంగా నమ్మిన మాట తప్పయింది.

పిట్ట ఆరోగ్యంగా ఉన్నది, చూస్తున్నది. కాని దాని కంట్లో సగం కణాలకు జన్మలో ప్రాణవాయువు అందదు. వెన్నెముక గల జంతువులలో, అందులోనూ నరాల కణాలలో, ఇటువంటిది జరగదనే అందరూ అనుకున్నారు.

మరి అవి దేనితో బతుకుతున్నవి? చక్కెరతో.

గట్టు దిగి అవతల చాయ్ దుకాణానికి పదండి, లెక్క అక్కడ చెప్తాను. మీ చాయ్‌లోని చక్కెర కడుపులో పడి గ్లూకోసుగా రక్తంలో చేరుతుంది. జీవకణం దాన్ని విరిచి శక్తి తీస్తుంది. ఆ శక్తిని ఏటీపీ అనే అణువుల రూపంలో, చిల్లరనాణేలలాగా ఖర్చు పెడుతుంది. ప్రాణవాయువు ఉంటే, మైటోకాండ్రియా అనే పొయ్యిలలో పూర్తిగా మండించి, ఒక గ్లూకోసు అణువునుంచి సుమారు ముప్ఫై నాణేలు సంపాదిస్తుంది. ప్రాణవాయువు లేకపోతే గ్లూకోసును సగానికి విరిచి వదిలేయాలి. రెండే నాణేలు వస్తవి, లాక్టిక్ ఆమ్లం మిగులుతుంది. రైలు కదలబోతున్నప్పుడు మీరు స్టేషను మెట్లు రెండేసి చొప్పున ఎక్కి పరుగెత్తితే, మీ కాళ్ళ కండరాలు ఈ రెండు నాణేల వ్యాపారమే చేస్తవి. మీరైతే ఎక్కి కూర్చుని ఆయాసం తీర్చుకుంటారు. పక్షి కంట్లో పై అంతస్తువాళ్ళు ఆయాసమన్నది లేకుండా జీవితమంతా అదే వ్యాపారం చేస్తారు. రెండు నాణేలతో సంసారం గడవాలంటే ఎన్నో రెట్లు చక్కెర కావాలి. దువ్వెన తెచ్చేది ఆ చక్కెరనే! చక్కెర దింపి, పేరుకుపోయిన లాక్టిక్ ఆమ్లాన్ని ఎక్కించుకుని పోతుంది. నీళ్ళ ట్యాంకరూ అదే, చెత్తబండీ అదే.

ఇంకొక సంగతి. కోడి రక్తంలో చక్కెర, పరగడుపున మన రక్తంలో ఉండేదానికి రెట్టింపుకు తక్కువ కాదు. మనిషికి అంత ఉంటే డాక్టరు చాయ్‌లో చక్కెర మానిపించి మందు రాస్తాడు. కోడికి అది మామూలు ఆరోగ్యం.

ఈ రెండు నాణేల పద్ధతి ఎంత పాతదో తెలియాలంటే ఇందాక మనం కూర్చున్న రాతిని చూడండి. గచ్చిబౌలిలో, దుర్గం చెరువు ఒడ్డున, కొత్తగూడ బొటానికల్ గార్డెన్ చుట్టుపట్ల కనిపించే ఈ నల్లసేనపు గుండ్ల వయస్సు సుమారు 250 కోట్ల ఏళ్ళు. ఈ రాళ్ళు నేల లోతున గట్టిపడేనాటికి భూమి గాలిలో ప్రాణవాయువు దాదాపు లేనేలేదు. అప్పటి సూక్ష్మజీవులు ప్రాణవాయువు లేకుండానే బతికేవి. ఆనాటి వంట విద్యే గుడ్డికొంగ కంట్లో ఈనాటికీ నడుస్తున్నది.

మనకు ఆ విద్య చాలదు. పెద్దవాళ్ళలో కొందరికి, రక్తపోటో చక్కెర వ్యాధో ఉన్నవాళ్ళకు ముఖ్యంగా, ఉన్నట్టుండి ఒక కన్ను చీకటి అయిపోతుంది. నొప్పి ఉండదు. రెటీనా పై అంతస్తులకు రక్తం తెచ్చే నాళంలో గడ్డ అడ్డుపడితే ఇట్లా అవుతుంది. నొప్పి లేదు కదా, తెల్లవారాక చూద్దాం అని పడుకుంటారు. ప్రాణవాయువు లేకుండా మన రెటీనా కొద్ది గంటలకన్న ఓర్చుకోలేదు. తెల్లవారేసరికి ఆ కణాలు చచ్చిపోతవి. మీ తాతగారో అమ్మమ్మగారో అట్లా అంటే, అర్ధరాత్రి అయినా సరే, ఇంట్లోవాళ్ళను లేపి ఆ గంటలోనే పెద్ద ఆసుపత్రికి తీసుకుపొమ్మనండి. మెదడులో గడ్డ అడ్డుపడితే వచ్చే పక్షవాతం కూడా ఈ జాతిదే. అక్కడా ప్రాణవాయువు అందకే కణాలు పోతవి. పిట్ట కంట్లోని కణాలు ఏ ఉపాయంతో బతుకుతున్నవో పూర్తిగా తెలిస్తే, మన కణాలను ఇంకాస్సేపు బతికించటానికి దారి దొరుకుతుందేమోనని శాస్త్రజ్ఞులు చూస్తున్నారు. సినిమా దర్శకుడు ఎల్. వి. ప్రసాద్ ఇచ్చిన స్థలంలో డాక్టర్ గుళ్ళపల్లి నాగేశ్వరరావు 1987లో నెలకొల్పిన కంటి ఆసుపత్రి మన హైదరాబాదులోనే ఉన్నది. మీలో ఎవరైనా పెద్దయి ఇటువంటి పని చేయదలిస్తే ఎంతో దూరం పోనక్కరలేదు.

పొద్దెక్కింది. రోడ్డు మీద హారన్లు మొదలయ్యాయి. స్టేషనుకు పోయేముందు మళ్ళీ ఒకసారి కుంట గట్టుమీదికి రండి. గుడ్డికొంగ ఇందాక ఉన్నచోటనే ఉన్నది. చప్పుడు చెయ్యకుండా, అడుగులో అడుగు వేసుకుంటూ దానివైపు వెళ్ళండి. పది అడుగులు, ఎనిమిది, ఆరు. తల తిప్పదు. మిమ్మల్ని చూడలేదనే అనుకుంటారు. దాని కళ్ళు తలకు రెండు పక్కలా ఉన్నాయి. మీరు రాతిమీదినుంచి లేచినప్పుడే అది మిమ్మల్ని చూసింది.